35 మంది చేసిన సముద్రం

‘గాడ్జిల్లా మైనస్ వన్’ గురించి ఎవరు మాట్లాడినా డబ్బు లెక్కతోనే మొదలుపెడతారు. 15 మిలియన్ డాలర్ల లోపు బడ్జెట్, అంటే అప్పటి మారకంలో మన లెక్కకి సుమారు 125 కోట్ల రూపాయలు. గ్రాఫిక్స్ చేసినవాళ్లు 35 మంది, షాట్లు 610. 2024 మార్చిలో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ పోటీలో దీని పక్కన నిలబడ్డవి ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ మూడో భాగం, ‘మిషన్ ఇంపాజిబుల్’, ‘నెపోలియన్’, ‘ది క్రియేటర్’. అన్నిటినీ దాటి ఈ జపాన్ సినిమా బహుమతి పట్టుకెళ్లింది. అంకెలన్నీ నిజమే. అయితే వాటిని చూసి సినిమాని మెచ్చుకోవడం, హోటల్లో తిని బయటికొచ్చి రుచి సంగతి వదిలేసి బిల్లు తక్కువైందని చెప్పుకున్నట్టు ఉంటుంది. తక్కువ డబ్బుతో తీసిన చెత్త సినిమాలు ప్రపంచంలో బోలెడున్నాయి. ఇక్కడ పని ఎక్కడ కుదిరింది, ఎందుకు కుదిరింది అన్నదే నాకు ఆసక్తి.

‘ఆదిత్య 369’ నాటి నుంచి సైన్స్ ఫిక్షన్ అంటే చెవి కోసుకునేవాణ్ణి. పెద్ద తెర మీద ఊళ్లు కూలడం, ఓడలు మునగడం, ఆకాశం చీలడం చూసీ చూసీ ఈ మధ్య నా కళ్లు మొద్దుబారాయి. వందల కోట్ల సినిమాలో మహానగరం నేలమట్టమవుతుంటే ఫోన్‌లో టైమ్ చూసుకున్న సందర్భాలున్నాయి. అలాంటివాణ్ణి ఒక చెక్క పడవ, దాని వెనకాల నీళ్లలోంచి లేచిన ఒక తలకాయ కుర్చీ అంచుకి లాక్కొచ్చాయి.

కథ తెలియనివాళ్లకి నాలుగు ముక్కలు. 1945, యుద్ధం చివరి రోజులు. శత్రువు ఓడ మీద పడి చావాల్సిన కమికాజే పైలట్ షికిషిమా, విమానంలో లోపముందని అబద్ధం చెప్పి ఓడో అనే చిన్న దీవిలో దిగుతాడు. ఆ రాత్రే గాడ్జిల్లా వస్తుంది. తుపాకీ అందుబాటులో ఉన్నా అతని వేలు కదలదు, తోటివాళ్లు చచ్చిపోతారు. తర్వాత బూడిదైన టోక్యోకి తిరిగొచ్చి, అనాథ పసిపాపని ఎత్తుకొచ్చిన నోరికో అనే అమ్మాయితో ఒకే కప్పు కింద బతుకుతూ, సముద్రంలో మిగిలిపోయిన మైన్లు ఏరే ఉద్యోగంలో చేరతాడు. అయస్కాంతానికి స్పందించే మైన్ల జోలికి ఇనుప ఓడ వెళ్తే పేలిపోతుంది, అందుకని వాళ్లకిచ్చింది పాత చెక్క పడవ. కథలోని ఈ చిన్న కారణమే తర్వాత గ్రాఫిక్స్‌కి పెద్ద వరమైంది. యాభై మీటర్ల జంతువుకి ఎదురుగా పుల్లలాంటి పడవ ఎందుకుందో ప్రేక్షకుడికి ఎవరూ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ఇప్పుడు నీళ్ల సంగతి. ట్రిక్ సినిమాలు తీసేవాళ్లకి నిప్పూ నీళ్లూ ఎప్పుడూ శత్రువులే. భవనాన్ని ఇరవయ్యో వంతుకి కుదించి బొమ్మ కట్టొచ్చు. నీటి బొట్టుని కుదించలేం. తొట్టిలో బొమ్మ ఓడని తోస్తే దాని ముక్కు దగ్గర లేచే తుంపర్లు ఓడతో పోలిస్తే గుమ్మడికాయలంత కనబడతాయి, గుట్టు అక్కడే రట్టవుతుంది. 1954 నాటి మొదటి ‘గాడ్జిల్లా’కి ట్రిక్కులు చేసిన ఎయిజి త్సుబురాయాకి ఈ బాధ బాగా తెలుసు. కెమెరాలో ఫిల్మ్‌ని వేగంగా నడిపి, తెర మీద కదలిక నిదానంగా బరువుగా కనబడేట్టు చేసేవాడు. అయినా నీళ్ల దగ్గర ఆ మాయ సగమే పారేది. నిజానికి ఆయన ‘కింగ్ కాంగ్’లో లాగా బొమ్మని ఫ్రేము ఫ్రేముకీ కదిపి తీయాలనుకున్నాడు. అంత డబ్బూ వ్యవధీ లేక మనిషికి రబ్బరు తొడుగు వేసి నడిపించాడు. లేమిలోంచి పుట్టిన ఆ పద్ధతే తర్వాత ఒక సంప్రదాయమైంది.

కంప్యూటర్ వచ్చాక చిక్కు మారింది కానీ పోలేదు. సముద్రాన్ని లెక్కగట్టాలంటే పెద్ద కెరటం ఒక లెక్క, దాని మీద విరిగే నురగ ఒక లెక్క, గాలికి చెదిరే తుంపర ఇంకో లెక్క, నీళ్లలోకి దిగిపోయే బుడగలు మరొకటి. అన్నీ ఒకదానికొకటి కుదరాలి. ఒక్కటి తేడా కొట్టినా కన్ను పసిగట్టేస్తుంది, ఎక్కడ తేడా ఉందో చెప్పలేకపోయినా సరే. అందుకే చవకలో తీసే సినిమాలు సముద్రాన్ని రాత్రిపూట చూపిస్తాయి, లేదా వాన కురిపించి దాస్తాయి. దర్శకుడు తకాషి యమజాకి మాత్రం పట్టపగలు, తేట ఎండలో చూపించాడు.

ఆ ధైర్యం ఎక్కడిదంటే, ఈ గ్రాఫిక్స్ చేసిన షిరోగుమి స్టూడియోలో తత్సుజి నోజిమా అనే కుర్రాడున్నాడు. ఆస్కార్ నాటికి పాతికేళ్లవాడు. నీళ్ల సిమ్యులేషన్లు అతనికి సరదా, ఖాళీ వేళల్లో సొంతంగా చేసుకుంటూ ఉండేవాడు. ఒకరోజు వాటిని తెచ్చి దర్శకుడికి చూపించాడు. చూసిన యమజాకి కథలో సముద్రం సన్నివేశాల్ని పెంచాడు. ఈ ఒక్క సంగతిలో ఆ సినిమా పనితనం అంతా ఉందంటాను. మామూలుగా ఏం జరుగుతుంది? స్క్రిప్టులో ‘సముద్రంలో భీకర పోరాటం’ అని రాస్తారు, నాలుగు దేశాల్లోని పది కంపెనీలకి షాట్లు పంచుతారు, చేసేవాడికి దర్శకుడి మొహం కూడా తెలియదు. ఇక్కడ చెయ్యి తిరిగినవాడు ఏం చెయ్యగలడో చూసి దానికి తగ్గట్టు కథ రాసుకున్నారు. రాసినవాడు, తీసినవాడు, ఎఫెక్ట్స్ పర్యవేక్షించినవాడు ఒక్కడే మనిషి. ఆర్టిస్టుల బల్లల మధ్య తిరుగుతూ అక్కడికక్కడే ‘ఇది సరే, అది మార్చు’ అనగలిగేవాడు. యమజాకి 1986లో షిరోగుమిలో చేరినప్పుడు చేసింది మినియేచర్ బొమ్మల పని. బొమ్మ చేసిన చేతికి ఏ షాట్‌కి ఎంత ఖర్చవుతుందో, ఏ మూల చెయ్యకపోయినా ఎవరూ గమనించరో తెలుస్తుంది. కూబ్రిక్ ‘2001’ సినిమాకి అందుకున్న తర్వాత దర్శకుడే ఈ విభాగంలో ఆస్కార్ అందుకోవడం మళ్లీ దీనితోనే. యమజాకితో పాటు వేదిక ఎక్కిన ముగ్గురు కియోకో షిబుయా, మసాకి తకహాషి, మన నోజిమా.

పడవ వెంటాడే సన్నివేశాన్ని ఆపి ఆపి చూడండి. నటుల్ని స్టూడియోలో ఆకుపచ్చ తెర ముందు ఊపలేదు, నిజం సముద్రం మీదికి తీసుకెళ్లారు. కాబట్టి పడవ ఊగడం నిజం, మొహాల మీద ఎండ నిజం, నిలదొక్కుకోవడానికి వాళ్లు పడే పాట్లు నిజం. కెమెరా ఎక్కువ సేపు పడవలోనే ఉంటుంది. ఫ్రేములో ముందు పడవ అంచు చెక్క, దాని మీద పట్టుకున్న చేతులు, ఆ వెనక పడవ చిమ్మే నీటి చారిక, దాని వెనక గాడ్జిల్లా తల. అంటే కంప్యూటర్ నీళ్లు మొదలయ్యే ముందే నిజం నీళ్లు కన్నుకి అలవాటైపోయి ఉంటాయి. రెండిటికీ అతుకు ఎక్కడుందో నాకు దొరకలేదు, వెతకడమే పనిగా పెట్టుకుని చూసినా.

ఇంకో విషయం. గాడ్జిల్లా ఈదుతున్నప్పుడు తల ముందు నీళ్లు చీలవు, ముద్దగా పోగుపడతాయి. గడ్డం కింద ఒక దిబ్బ లేస్తుంది, రెండు పక్కలా బరువుగా జారుతుంది, ఆ తర్వాతే నురగవుతుంది. బరువుని చూపించాలంటే జంతువుని చూపించక్కర్లేదు, అది తోసేసిన నీళ్లని చూపిస్తే చాలు. పడవ వాళ్లు మైను వదులుతారు, అది నోట్లో పడుతుంది, పేల్చే తీగ సమయానికి పనిచెయ్యదు. షికిషిమా తుపాకీ అందుకుంటాడు. మొదటి రాత్రి కదలని వేలు ఇప్పుడు కదులుతుంది. మొహం సగం ఎగిరిపోతుంది. హమ్మయ్య అనుకునే లోపు ఆ మాంసం బుసబుసా మళ్లీ అల్లుకోవడం మొదలుపెడుతుంది, అదీ మన కళ్ల ముందే, దగ్గర్నుంచి. ఇంత సేపటిలో ఒక్క షాట్ కూడా ‘మా గ్రాఫిక్స్ చూడండి’ అని తీసింది లేదు. ప్రతి షాటూ కథలో ఏదో ఒక పని చేసి తప్పుకుంటుంది.

కొలత విషయంలో యమజాకి చేసిన నిర్ణయం కూడా నాకు నచ్చింది. హాలీవుడ్ 2014లో గాడ్జిల్లాని వంద మీటర్లు దాటించింది, 2019కి ఇంకా పెంచింది. 2016 నాటి జపాన్ ‘షిన్ గాడ్జిల్లా’ కూడా 118 మీటర్ల పైమాటే. ఈయన వెనక్కి వెళ్లి 50.1 మీటర్ల దగ్గర ఆగాడు, ఇంచుమించు 1954 నాటి ఎత్తే. ఎందుకని? నూట ఇరవై మీటర్ల జంతువుని చూపించాలంటే కెమెరా కిలోమీటరు వెనక్కి జరగాలి. అప్పుడు మనుషులు చుక్కలు. చుక్కలు చస్తే ఎవరికీ నొప్పి పుట్టదు. యాభై మీటర్లయితే జంతువు మొహం, మనిషి మొహం ఒకే ఫ్రేములో పడతాయి. ఎత్తు సగం తగ్గింది, భయం రెట్టింపైంది. మన పెద్ద సినిమాలవాళ్లు రాసి గోడకి అంటించుకోవలసిన లెక్క ఇది.

గాడ్జిల్లా రాకకి ముందు సూచన ఎలా ఇచ్చాడో చూడండి. నీళ్ల మీద లోతు సముద్రపు చేపలు తేలతాయి, లోపలి గాలితిత్తి ఉబ్బి, కడుపు నోట్లోంచి బయటికి పొడుచుకొచ్చి. అడుగునున్న ఏదో పెద్దది పైకొస్తూ వాటినీ తోసుకొచ్చిందన్నమాట. ఒత్తిడి ఒక్కసారి తగ్గితే లోతు చేపకి జరిగేది అదే. మొదటిసారి అవి వింతగా ఉంటాయి. రెండోసారి నాలుగు చేపలు తేలగానే హాలు మొత్తం బిగుసుకుపోతుంది. నాలుగు చచ్చిన చేపలకి ఎంత ఖర్చవుతుంది? పైగా ఆ చేపల్ని భయపెట్టడానికి వాడి వదిలెయ్యలేదు. సినిమా చివర శాస్త్రవేత్త నోడా వేసే పథకం, గాడ్జిల్లాని ఒక్కసారిగా లోతుకి ముంచి ఆ వెంటనే పైకి లాగడం, ఈ చేపల లెక్క మీదే నడుస్తుంది. ఆ పథకం ఎంతవరకు పారిందో చెప్పను, చూడనివాళ్లు ఇంకా ఉన్నారు.

ఇక గింజా. టోక్యోలో మళ్లీ దుకాణాలు తెరిచి, జనం కొత్త బట్టలు వేసుకుని తిరుగుతున్న వీధి. యుద్ధంలో అంతా పోయి సున్నాకి వచ్చిన దేశాన్ని ఇంకా కిందికి తోస్తే మైనస్ వన్, పేరు వెనక ఊహ అదే. అందుకని ముందు ఆ తేరుకోవడాన్ని ఓపిగ్గా చూపించాడు: రేకుల గుడిసె ఇల్లవడం, పాపకి మాటలు రావడం, నోరికోకి ఉద్యోగం రావడం. ఆమె పనికెళ్లే రైలు పెట్టెనే గాడ్జిల్లా నోట కరుచుకుంటుంది. పెట్టె నిలువుగా లేస్తుంది, ఆమె లోపల కడ్డీ పట్టుకుని వేలాడుతుంది. 1954 సినిమాలోనూ రైలుని నోట కరిచింది, అక్కడ మనం బయట నుంచి చూశాం. ఇక్కడ లోపల ఉన్నాం. కట్టిన సెట్ వీధిలో కొంత భాగమే, మిగతా భవనాలూ ఆకాశమూ కంప్యూటర్‌లోవి. పరిగెత్తే జనంలో ముందు వరస నిజం మనుషులు కాబట్టి వెనక వరస గురించి అనుమానం రాదు.

గాడ్జిల్లా నోట్లోంచి వచ్చే అగ్నికిరణం దగ్గరికొచ్చేసరికి పనితనం ఇంకో మెట్టెక్కుతుంది. వీపు మీది పలకలు తోక నుంచి మొదలై ఒక్కొక్కటే టకటకా బయటికి పొడుచుకొస్తాయి, ఒక్కొక్కటే నీలంగా వెలుగుతుంది. మెడ దాకా వచ్చాక ఒక్క క్షణం ఆగి, అన్నీ ఒక్కసారి ధడాలున లోపలికి కుంగిపోతాయి. నాగసాకి మీద వేసిన బాంబు పనిచేసింది ఇలాగే: చుట్టూ పేలుడు పదార్థం అమర్చి, అన్ని వైపుల నుంచీ ఒకేసారి ప్లుటోనియం గోళాన్ని లోపలికి నొక్కడం. ఆ విషయం తెలియకపోయినా ప్రేక్షకుడికి తుపాకీ గుర్రం ఎక్కుపెట్టినంత స్పష్టంగా అర్థమవుతుంది, ఏదో లోడవుతోంది, ఇక ఆపలేం అని. కిరణం వెళ్తుంది. వెలుగు ముందు, శబ్దం తర్వాత. గాలి ఒకసారి బయటికి తోస్తుంది, దారిలో ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది. కొన్ని క్షణాలు ఊరుకుంటుంది. అప్పుడు అదే గాలి వెనక్కి పీలుస్తుంది. అణు పేలుడులో నిజంగా జరిగే ఈ రెండో గాలిని చూపించే ఓపిక చాలా సినిమాలకి ఉండదు. తర్వాత పుట్టగొడుగు మేఘం, నల్ల వాన, దాని కింద షికిషిమా గొంతు చించుకుని అరవడం. ఇంకో చిన్న వివరం: కిరణం వదిలాక గాడ్జిల్లా ఒళ్లూ కాలి కమిలిపోయి ఉంటుంది. ఆయుధం దానికీ నొప్పే.

ధ్వనికి కూడా ఇంతే శ్రద్ధ. 1954లో గాడ్జిల్లా అరుపుని సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే పుట్టించాడు. డబుల్ బేస్ తీగల్ని వదులు చేసి, రెసిన్ పూసిన తోలు చేతితొడుగుతో రుద్దితే వచ్చిన చప్పుడది. మైనస్ వన్ వాళ్లు అరుపుని కంప్యూటర్‌లో ప్రతిధ్వని కలిపి సరిపెట్టుకోలేదు. చిబాలోని బేస్‌బాల్ స్టేడియంకి తీసుకెళ్లి పెద్ద స్పీకర్లలో మోగించి, ఆ ఖాళీ గ్యాలరీల్లో తిరిగి వచ్చిన మోతని రికార్డు చేశారు. నావోకి సతో సంగీతం చాలాసేపు గొంతు తగ్గించుకుని ఉంటుంది. ఇఫుకుబే పాత బాణీని గింజా దాకా దాచిపెట్టుకున్నారు. అభిమాని చెవికి అది మోగినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది, ఆ సంగతి వాళ్లకి తెలుసు, అందుకే పొదుపుగా వాడారు.

డబ్బున్నవాళ్లకి ఇది చేతకాదని కాదు. విల్‌నవ్ ‘డ్యూన్’ చూడండి. తూనీగలా రెక్కలాడించే విమానాలున్నాయి కదా, వాటి లోపలి దృశ్యాల కోసం బుడాపెస్ట్ దగ్గర ఒక కొండ మీద, ఇసుక రంగు గోడలు చుట్టూ కట్టి, పైనున్న నిజం ఎండలో తీశారు. నీలి తెరలు చాలాచోట్ల తీసేసి ఇసుక రంగు తెరలు పెట్టారు, నటుల చర్మం మీద నీలి నీడ పడకుండా. అదీ ముందే ఆలోచించుకున్న పనే. మన ‘కల్కి 2898 ఏడీ’లో కోయంబత్తూరులో నిజంగా తయారుచేసిన బుజ్జి వాహనం నేల మీద దొర్లుతున్నప్పుడు నాకు ఎంత నమ్మకం కలిగిందో, గాల్లోకి లేచాక అంత పోయింది. ఊహలో, రూపకల్పనలో దర్శకుడు నాగ్ అశ్విన్ ఎవరికీ తీసిపోడు. కానీ పోరాటాల్లో కెమెరా ఎవరి కళ్లతో చూస్తోందో తెలియదు. ఎక్కడికైనా ఎగరగలిగిన కెమెరా ఎక్కడా నిలబడదు. సూపర్ హీరోల సినిమాల సంగతి ఎత్తనే ఎత్తను, విడుదలకి నెల ముందు దాకా క్లైమాక్స్ మారుస్తూ ఉంటే ఏ చేతికైనా పనితనం ఎలా వస్తుంది?

మైనస్ వన్‌లో లోపాల్లేవా అంటే ఉన్నాయి. గింజాలో నడిచేటప్పుడు కాళ్లు కొంచెం బిగుసుకున్నట్టుంటాయి. పాత రబ్బరు తొడుగు నడకకి నమస్కారమని సర్దిచెప్పుకోవచ్చు, నేనూ చెప్పుకున్నాను, అయినా రెండు మూడు షాట్లలో బరువు నేలకి దిగలేదు. నటన అక్కడక్కడా నాటకం స్థాయికి పోతుంది, ఏడుపులు మోతాదు మించుతాయి. కథ తన సైనికుల ప్రాణాల్ని లెక్కచెయ్యని ప్రభుత్వాన్ని నిలదీసింది గానీ, ఆ ప్రభుత్వం పొరుగు దేశాల్లో ఏం చేసిందన్న ఊసెత్తదు. ఇది చిన్న లోటు కాదు. ఆఖరి పోరాటంలో ఎగిరే యుద్ధకాలపు షిండెన్ విమానం మీద పెట్టిన ప్రేమ చూస్తే నాకు ఆ లోటు ఇంకా గుచ్చుకుంది. ప్రొపెల్లర్ వెనక ఉండే ఆ వింత విమానాన్ని పూర్తి సైజులో కట్టారు, ఇప్పుడది ఫుకువొకా ప్రాంతంలోని తచియరాయి మ్యూజియంలో ఉంది. వస్తువుగా అద్భుతం.

డబ్బు మాట మళ్లీ ఎత్తక తప్పదు. ఈ సినిమా ఆడిన దగ్గర్నుంచి ప్రతి నిర్మాతా ‘వాళ్లు ఇంతలో చెయ్యలేదా’ అని గ్రాఫిక్స్ వాళ్లని నిలదీయడం మొదలుపెడితే ఆ పాపం ఈ సినిమాది కాదు గానీ, నష్టం మాత్రం పనివాళ్లది. తెలుగువాళ్లకి ఈ సంగతి దగ్గర్నుంచి తెలుసు. ‘లైఫ్ ఆఫ్ పై’కి పులిని పుట్టించిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి హైదరాబాద్‌లో శాఖ ఉండేది, ఆ సినిమా పనిలో ఇక్కడి చేతులూ ఉన్నాయి. 2013 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, అదే నెలలో ఆ సినిమాకి ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. వేదిక మీద ఆ సినిమా ఎఫెక్ట్స్ పర్యవేక్షకుడు బిల్ వెస్టెన్‌హోఫర్ కంపెనీ కష్టాల మాట ఎత్తగానే ‘జాస్’ సినిమా సంగీతం వాయించి మైకు ఆపేశారు. బయట వీధిలో వందలమంది ఎఫెక్ట్స్ కళాకారులు నిరసన చేస్తున్నారు. మైనస్ వన్ నుంచి నేర్చుకోదలచుకున్న నిర్మాత ముందు షాట్లు తగ్గించాలి, నిర్ణయాలు తొందరగా తీసుకోవాలి, తీసుకున్నాక మార్చకూడదు. జీతాలు కొయ్యడం అందులో లేదు.

2024 జనవరిలో జపాన్‌లో దీన్నే నలుపు తెలుపులోకి మార్చి ‘మైనస్ కలర్’ పేరుతో విడుదల చేశారు. రంగు ఊరికే తీసేసినట్టు లేదు, వెలుగునీడల్ని షాటు షాటుకీ మళ్లీ దిద్దినట్టుంది. అందులో గింజా దాడి పాత న్యూస్ రీల్ చూస్తున్నట్టుంటుంది. ఓడో దీవి రాత్రి మరీ భయంకరంగా ఉంటుంది, మంటల వెలుగులో పళ్లు తప్ప ఏమీ కనబడదు. అగ్నికిరణం నీలం పోవడం వల్ల కొంత నష్టమే. పడవ సన్నివేశంలోనూ నీళ్ల లోతు రంగులో తెలిసినంతగా తెలియదు. నన్నడిగితే మొదటిసారి రంగులోనే చూడాలి, అదీ ఇంట్లో ఉన్నవాటిలో పెద్ద తెర మీద, సౌండ్ పెంచి.